బీపీఈడీలో ఫ్లిప్డ్ క్లాస్ పెట్టాను, బోల్తా కొట్టింది. మీరెవరైనా చేశారా?

సున్నపుగీత | సోమవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక బీపీఈడీ కాలేజీలో, అంటే వ్యాయామ టీచర్లను తయారుచేసే కాలేజీలో, పాఠాలు చెబుతాను. ట్రాక్ అండ్ ఫీల్డ్, అఫిషియేటింగ్ (అంపైరింగ్, రిఫరీ పని) నా సబ్జెక్టులు. ఫ్లిప్డ్ క్లాస్ అంటే తెలుసుగా, పాఠం ఇంటి దగ్గర వీడియోలో వినేసి రావడం, క్లాసు టైములో పని చేయడం. మామూలుగా క్లాసులో పాఠం, ఇంట్లో హోంవర్కు కదా, దాన్ని తిరగేశారన్నమాట. మన సబ్జెక్టుకు ఇంతకంటే అతికేది లేదనిపించి పోయిన సెమిస్టర్‌లో మొదలుపెట్టాను.

ఎందుకంటే ట్రాక్ మార్కింగ్ క్లాసు మా దగ్గర ఎలా జరుగుతుందో చెబుతాను. నేను బోర్డు మీద గంటసేపు లెక్కలు వేస్తాను. వాళ్లు రికార్డులో రంగు స్కెచ్చులతో బొమ్మ వేస్తారు. తర్వాత గ్రౌండ్‌కు వెళ్తే 60 మందికి ఒక టేపు. నలుగురు టేపు పట్టుకుంటారు, ఇద్దరు సున్నం పోస్తారు, మిగతావాళ్లు వేపచెట్టు కింద నీడ ఎటు జరిగితే అటు జరుగుతుంటారు. రెండేళ్లు చదివి బయటికి వెళ్లి, మండలం ఆటల పోటీలకు ట్రాక్ వేయమంటే ఫోన్ చేస్తారు, "సార్, సెకండ్ లేన్‌కు ఎంత వదలాలి?" అని.

అందుకని నాలుగు వీడియోలు ఫోన్‌తోనే తీశాను. ఒక్కోటి 22 నిమిషాలు. వాట్సాప్ గ్రూపులో పెట్టి, "చూసి రండి, పొద్దున 6 గంటలకు నేరుగా గ్రౌండ్‌లో కలుద్దాం" అన్నాను. గ్రూపు నిండా బొటనవేళ్లు.

పొద్దున్నే ఆరు బ్యాచులు చేసి తలా ఒక మూల పని ఇచ్చాను. 200 మీటర్ల ట్రాక్, ఆరు లేన్లు. మా గ్రౌండ్‌లో గోడకూ చెట్లకూ మధ్య 51 మీటర్లే ఉంది. లేన్‌కు 1.22 మీటర్లు పెడితే వెడల్పు 52 దాటిపోతుంది, కాబట్టి లేన్ 1 మీటరే పెట్టుకోమన్నాను. మూడు బ్యాచులకు అసలు వీడియోలో ఏముందో తెలియదు. రెండు బ్యాచులు చూశాయి గానీ రేడియస్ దగ్గరే ఆగిపోయాయి. ఒక బ్యాచ్ మాత్రం చకచకా వేసేసింది, నేను మురిసిపోయాను. దగ్గరికి వెళ్లి చూస్తే సెకండ్ లేన్ స్టాగర్, అంటే బయటి లేన్‌వాడిని ఎంత ముందు నిలబెట్టాలో ఆ దూరం, 7.04 అని పెట్టారు! 7.04 అనేది 1.22 లేన్‌కు వచ్చే లెక్క. 1 మీటర్ లేన్‌కు 5.65 రావాలి. ఆ లెక్కన ఆరో లేన్‌లో పిల్లాడిని 30.79 దగ్గర నిలబెట్టాల్సింది, 37.70 దగ్గర నిలబెట్టారు. దాదాపు 7 మీటర్లు తక్కువ పరుగెత్తి ఫస్టు వచ్చేస్తాడు వాడు.

చూడనివాళ్లతో ఒక బాధ, చూసినవాళ్లతో ఇంకో బాధ. మీరెవరైనా ట్రైనింగ్ కాలేజీల్లో చేసి ఉంటే చెప్పండి.


పాత_విజిల్ | సోమవారం, రాత్రి 10:05

ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది బాబూ. నేను పీడీగా (ఫిజికల్ డైరెక్టర్‌గా) రిటైరై తొమ్మిదేళ్లు. మా కాలంలో బీపీఈడీ ఒక్క సంవత్సరమే. వీడియోలు లేవు, జెరాక్సులు కూడా లేవు. మా సార్ గ్రౌండ్‌లోనే పుల్లతో గీసి చెప్పేవారు, తప్పు వేస్తే సున్నం మొత్తం చీపురుతో ఊడ్పించేవారు. రెండుసార్లు ఊడ్చినవాడు మూడోసారి తప్పు వేయడు.

ఒక్క మాట. 60 మందికి ఒక టేపు ఉంటే అది వీడియోతో తీరే జబ్బు కాదు. ఇంకో నాలుగు టేపులు కొనమని కాలేజీ వాళ్లను అడుగు.


నాలుగో_సెమిస్టర్ | సోమవారం, రాత్రి 11:40

సార్, మీ స్టూడెంట్‌ను కాదు గానీ మీ స్టూడెంట్ లాంటివాడినే. తిట్టనంటే నిజం చెబుతాను.

పొద్దున 5:30కు గ్రౌండ్. టిఫిన్. 10 నుంచి థియరీ. మధ్యాహ్నం అన్నం తిని రికార్డులు. సాయంత్రం మళ్లీ గ్రౌండ్, గేమ్ స్పెషలైజేషన్. ఏడున్నరకు హాస్టల్‌కు వచ్చేసరికి కాళ్లు కర్రలైపోతాయి. అప్పుడు మంచం మీద పడుకుని 22 నిమిషాల పాఠం పెడితే ఏడో నిమిషంలో ఫోన్ మొహం మీద పడుతుంది. ఇది నాకు నిజంగా జరిగింది, ముక్కు వాచింది. పొద్దున మెస్ లైన్లో నిలబడి రెండింతల స్పీడులో చూస్తాం. ఆ స్పీడులో చెవిలో మిగిలేవి అంకెలే సార్. ఆ బ్యాచ్ వాళ్లు 7.04 ఎందుకు పెట్టారో నాకు బాగా అర్థమైంది.

మేం పూర్తిగా చూసిన వీడియో ఏదో కూడా చెబుతాను. ఫస్ట్ ఎయిడ్ మేడమ్ సీపీఆర్ గురించి 4 నిమిషాల వీడియో పెట్టారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, పెద్దవాళ్లకైతే 5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 6 దాటకూడదు, 30 నొక్కులకు 2 శ్వాసలు. అంతే. రేపు ఒక్కొక్కరిని పిలిచి బొమ్మ మీద చేయిస్తానన్నారు. ఆ రాత్రి హాస్టల్‌లో దిండ్ల మీద అందరూ నొక్కుతూనే ఉన్నారు. తెల్లారి మొదటి నిమిషం బాగానే నొక్కాం, రెండో నిమిషానికి మోచేతులు వంగిపోయాయి. చేతులు వంగుతాయని వీడియోలో తెలియలేదు, కానీ వీడియో చూసి వచ్చాం కాబట్టే క్లాసులో ఒక్కొక్కరికి రెండేసి నిమిషాలు దొరికింది.

ఇంకోటి. అమ్మాయిల గ్రూపులో సగం మంది డే స్కాలర్లు. ఇంట్లో ఒకటే ఫోన్, అది నాన్న దగ్గరుంటుంది. నాన్న రాత్రి పదింటికి వస్తాడు. చూడలేదు అంటే బద్ధకం అనుకోకండి.


రసాయనం | మంగళవారం, ఉదయం 6:50

నేను మీ శాఖ కాదు, ఇంటర్‌లో కెమిస్ట్రీ చెబుతాను. శీర్షిక చూసి ఆగాను. ఒక తమాషా సంగతి చెప్పి పోతాను.

ఈ ఫ్లిప్డ్ క్లాస్‌కు ఈ రూపం తెచ్చి ప్రచారం చేసినవాళ్లు ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్. అమెరికాలో కొలరాడో రాష్ట్రం, వుడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్. 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఎందుకో తెలుసా? అది కొండల్లో ఊరు. ఆటల పోటీలకనీ వాటికీ వీటికీ పిల్లలు బస్సెక్కి దూరం వెళ్లేవాళ్లు, క్లాసులు పోయేవి. వాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పలేక రికార్డు చేసి పెట్టారు. అంటే మీ ఆటల పిల్లల వల్లే ఇది పుట్టింది. ఇప్పుడు తిరిగి తిరిగి మీ గ్రౌండ్‌కే వచ్చింది.

అంతకు ముందు 1990ల మొదట్లోనే హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ ఇదే పని వీడియో లేకుండా చేశాడు. ముందు చదువుకుని రమ్మని, క్లాసులో ఒక ప్రశ్న వేసి, పక్కవాడితో వాదించుకోమనేవాడు. కాబట్టి సున్నపుగీత గారూ, వీడియోనే ఉండాలని లేదు. ఫోన్ లేని అమ్మాయికి ఒక అరపేజీ కాగితం ఇవ్వండి. కానీ ప్రశ్న మాత్రం ఉండాలి. సీపీఆర్ మేడమ్ చేసింది అదే, "రేపు చేయిస్తాను" అన్నదే ఆవిడ ప్రశ్న. మీ వీడియో తర్వాత ఏం అడుగుతారో పిల్లలకు తెలియదు.


ఖోఖో_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 1:15

నేను తెలంగాణలో ఒక ఆడపిల్లల గురుకులంలో పీఈటీని. టీచింగ్ ప్రాక్టీస్‌కు ట్రైనీలు మా బడికి వస్తారు. మీరు కాలేజీ వైపు నుంచి మాట్లాడుతున్నారు, వాళ్లు మా దగ్గరికి వచ్చాక ఏం చేస్తారో నేను చెబుతాను.

పోయిన ఏడు ఒక బాబు వచ్చాడు. మంచి పిల్లాడు, స్టేట్ ఆడినవాడు. ఏడో తరగతికి ఖోఖో క్లాసు. లెసన్ ప్లాన్ ముత్యాల్లాంటి రాత. విజిల్ వేశాడు, 48 మందిని లైన్‌లో నిలబెట్టాడు, హాజరు పిలిచాడు, తర్వాత కూర్చోమని ఖోఖో చరిత్ర, కొలతలు, 27 మీటర్లు, 16 మీటర్లు అంటూ మొదలుపెట్టాడు. నేను పక్కన గట్టు మీద కూర్చుని వాచీ చూస్తున్నాను. 40 నిమిషాల పీరియడ్. లైన్, హాజరు 8 నిమిషాలు. ఉపన్యాసం 11 నిమిషాలు. జట్లు విడదీయడానికి 6 నిమిషాలు, ఎందుకంటే దోస్తులు ఒకే జట్టులో ఉండాలని గొడవ. నీళ్లకు పోయినోళ్లు రావడానికి 3 నిమిషాలు. మిగిలింది 12. అందులో కూడా ఒకేసారి ఎనిమిది మంది కూర్చుంటే ఒకరు తరుముతారు, ముగ్గురు ఉరుకుతారు, తక్కినోళ్లు గట్టు మీదే. నేను ఒక పిల్లను మాత్రమే కనిపెట్టి చూశాను. ఆ పిల్ల ఆ పీరియడ్ మొత్తంలో ఉరికింది ఒక నిమిషం కూడా కాదు.

ఆ బాబుకు ఖోఖో రాక కాదు. మీరు క్లాసు ఎలా చెప్పారో ఆయనా అలాగే చెప్పాడు. గంట ఉపన్యాసం విన్నవాడు పదకొండు నిమిషాలైనా ఇవ్వకుండా ఉంటాడా? అందుకే మీ ప్రయత్నం నాకు నచ్చింది సార్. వాళ్లకు తిరగేసి చెబితే వాళ్లు బడికి వచ్చి తిరగేస్తారు. అయితే మిగిలిన గ్రౌండ్ టైములో ట్రాక్ ఒక్కటే వేయించకండి. 50 మందిని రెండు నిమిషాల్లో నాలుగు జట్లు చేయడం, నాలుగు చోట్ల నాలుగు పనులు నడిపించడం, విజిల్ ఎప్పుడు వేయకూడదో తెలియడం, ఇవి చేయించండి. ఇవి ఏ వీడియోలోనూ రావు.


పాత_విజిల్ | మంగళవారం, సాయంత్రం 5:30

అమ్మా, వాచీ పెట్టి చూసినందుకు దండం. అమెరికాలో సీడెన్‌టాప్ అనే పెద్దాయన, ఆయన శిష్యులు ఇదే పని చేశారు. పిల్లవాడు తన స్థాయికి తగిన పనిలో నిజంగా కదిలిన సమయమెంత అని లెక్కపెట్టేవారు. మాకు ఎంపీఈడీలో చెప్పారు, పరీక్ష రాసి మర్చిపోయాం. మీరు గట్టు మీద కూర్చుని చేశారు.


బోనస్‌లైన్ | మంగళవారం, రాత్రి 8:45

కబడ్డీ రిఫరీని, బీపీఈడీ కాలేజీకి గెస్టుగా వెళ్తుంటాను. అఫిషియేటింగ్‌లో నేను చేసేది చెబుతాను, సగం పని చేసింది, సగం చేయలేదు.

రైడ్ల క్లిప్పులు తీసుకుని, రిఫరీ విజిల్ వేసే క్షణం ముందు కట్ చేసి పంపుతాను. ఒక్కోటి 30 సెకన్లు, రైడ్ ఎంతసేపో క్లిప్పూ అంతే. నీ నిర్ణయం ఏంటి, ఏ రూలు ప్రకారం, ఒక్క లైన్లో రాసి తీసుకురా. గ్రూపులో పెట్టొద్దు, కాగితం మీదే. గ్రూపులో పెడితే మొదటివాడు ఏం రాస్తే 59 మంది అదే.

ఉదాహరణకు, రైడర్ ఎవరినీ తాకకుండా లాబీలో (కోర్టు పక్క పట్టీలో) కాలు పెట్టాడు. అవుట్. ఎందుకు? పెనుగులాట మొదలయ్యాకే లాబీ కోర్టులో భాగం అవుతుంది. లేదా అవతల ఐదుగురే ఉన్నారు, రైడర్ బోనస్ లైన్ దాటాడు. పాయింట్ లేదు, ఆరుగురు ఉండాలి. ఇలాంటివి క్లిప్పులతో బ్రహ్మాండంగా వచ్చేశాయి. క్లాసులో రూల్ బుక్ చదివి వినిపించే పని పూర్తిగా పోయింది. వాళ్లు రాసుకొచ్చిన కాగితాలతో గొడవపడటమే క్లాసు.

ఇక పనిచేయని సగం. అదే పిల్లలను కోర్టు పక్కన నిలబెట్టి నిజం మ్యాచ్‌కు అంపైరింగ్ చేయమన్నాను. క్లిప్పులో పదికి పది రాసినవాడు కూడా కళ్లెదుట బోనస్ వదిలేశాడు. ఎందుకంటే కెమెరా ఎక్కడ చూడాలో ముందే చూసి పెడుతుంది. గ్రౌండ్‌లో మన కళ్లు రైడర్ చేతుల వెంట పోతాయి, పాయింట్ కాలి దగ్గర జరుగుతుంది. పైగా బాక్ లైన్‌కు ఎదురుగా నిలబడాల్సినవాడు మిడ్ లైన్ దగ్గర నిలబడి ఉంటాడు. మగవాళ్ల కోర్టులో మిడ్ లైన్ నుంచి బాక్ లైన్‌కు 3.75 మీటర్లు, బోనస్ లైన్ ఇంకో మీటరు లోపలికి. ఆ కోణంలో కాలు గాల్లో ఉందో నేల మీద ఉందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడేం చేస్తానంటే, మ్యాచ్ జరుగుతుండగా ఇద్దరు అంపైరింగ్ చేస్తారు, ఇద్దరు ఆ అంపైర్లనే చూస్తారు. వాళ్ల తల ఎటు తిరిగింది, కాళ్లు ఎక్కడున్నాయి అని రాస్తారు. బంతాటల్లో కూడా ఇది పనికొస్తుందనుకుంటా.


నందనం_గాలి | బుధవారం, ఉదయం 10:10

చెన్నై వైఎంసీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీలో చదివాను. 1920లో హ్యారీ క్రో బక్ మొదలుపెట్టిన కాలేజీ, నూరేళ్లు నిండిన ఏడాదే కరోనా వచ్చింది. ఆ రోజుల్లో దేశమంతా ఫిజికల్ ఎడ్యుకేషన్ కూడా ఫోన్‌లోనే చెప్పారు, గుర్తుందా? షాట్‌పుట్‌కు ఇటుకరాయి, హర్డిల్‌కు రెండు కుర్చీలు. చాలామంది దాన్నే ఫ్లిప్డ్ అనుకుంటున్నారు. అది ఆన్‌లైన్, అంతే. తిరగేయడానికి రెండో వైపు గ్రౌండ్ ఉండాలి కదా.

నాకు వేరే అభ్యంతరం ఉంది. 1982లో ఇంగ్లండ్‌లో లఫ్‌బరో నుంచి బంకర్, థోర్ప్ అనే ఇద్దరు ఒక పద్ధతి చెప్పారు. ముందు చిన్న ఆట ఆడించు, "ఖాళీ ఎక్కడుంది? ఎందుకు దొరికిపోయావు?" అని అడుగు, అవసరం తెలిశాక అప్పుడు స్కిల్ నేర్పు. మన పాత పద్ధతి దీనికి పూర్తిగా రివర్సు, నెల రోజులు డ్రిబ్లింగ్ చేయించి చివర్లో ఆట. ఇప్పుడు మీరు ట్రైనీకి ముందే వీడియోలో "ఖాళీ ఇక్కడుంది, ఇలా వెళ్లాలి" అని చూపించేస్తే వాడు కనిపెట్టడానికి ఏం మిగిలింది? రేపు వాడు టీచర్ అయ్యాక పిల్లలను ప్రశ్న అడగడు, వీడియో చూపిస్తాడు.

కొలతలు, రూళ్లు, ఎముకల పేర్లు, ఫిక్చర్లు (ఎవరితో ఎవరు ఆడాలో పట్టిక) వేయడం, ఇవి ఇంటికి పంపండి. ఆట ఎత్తులను ఇంటికి పంపకండి.


సున్నపుగీత | బుధవారం, రాత్రి 9:50

ఇంతమంది రాస్తారనుకోలేదు. తమ్ముడూ నాలుగో సెమిస్టర్, తిట్టను. నా వీడియో నేనే రాత్రి మంచం మీద పడుకుని చూశాను. తొమ్మిదో నిమిషం వరకూ వచ్చాను, నా గొంతుకు నాకే నిద్ర వచ్చింది.

నందనం గారూ, మీరన్నది ఆలోచించాలి. అయితే ట్రాక్ మార్కింగ్ ఏ గూటికి చెందుతుంది? 7.04 పెట్టినవాళ్లకు సూత్రం తెలుసు, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.


పాత_విజిల్ | గురువారం, ఉదయం 5:55

బాబూ, రెండు రోజుల నుంచి నీ మొదటి పోస్టులో ఒకటి గుచ్చుకుంటోంది. ఏమీ అనుకోకు.

నీ 5.65 ఎలా వచ్చింది? లోపలి అంచు నుంచి మొదటి లేన్ 30 సెంటీమీటర్ల దగ్గర, మిగతా లేన్లు 20 దగ్గర కొలిచావు. 1.00 కు 0.20 కలిపి 0.30 తీసేస్తే 0.90, దాన్ని 6.283తో గుణిస్తే 5.65. సరే. కానీ ఆ 30 సెంటీమీటర్లు లోపల కెర్బ్ (ఎత్తుగా కట్టిన అంచు) ఉన్న ట్రాక్‌కు. అంచు ఎత్తుగా ఉంటే పరుగెత్తేవాడు కాలు తగులుతుందని దూరంగా జరుగుతాడు, అందుకని 30. మీ గ్రౌండ్‌లో ఉన్నది సున్నం గీత. సున్నం గీతకు కెర్బ్ ఎక్కడిది? గీత ఉన్న చోట మొదటి లేన్ కూడా 20 దగ్గరే కొలవాలి. అప్పుడు స్టాగర్ 6.28. నీ 5.65 కూడా తప్పే.

ఇంకా చెప్పనా. ఇదే తప్పు నువ్వు బోర్డు మీద చేసి ఉంటే 60 మందిలో ఒక్కడైనా లేచి "సార్, మన దగ్గర కెర్బ్ లేదు కదా" అనేవాడేమో. వీడియోలో ఎవడు చెయ్యెత్తుతాడు?


రసాయనం | గురువారం, ఉదయం 7:20

😄 మాస్టారూ, సాష్టాంగ నమస్కారం.


సున్నపుగీత | గురువారం, రాత్రి 8:30

తల దించుకున్నాను మాస్టారూ. పుస్తకంలో 36.50 రేడియస్, 84.39 స్ట్రెయిట్, 30 సెంటీమీటర్లు అని చదివి, అదే చెప్పుకుంటూ పదకొండేళ్లు గడిపాను. 36.80 మీద చుట్టుకొలత 231.22, రెండు స్ట్రెయిట్లు 168.78, మొత్తం 400. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సున్నం గీత ముందు నిలబడి మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. పిల్లలు 7.04 బట్టీ పట్టారని ఇక్కడికొచ్చి ఫిర్యాదు చేశాను!

ఈ వారం మళ్లీ మొదలుపెడతాను. ఐదారు వారాల తర్వాత వచ్చి చెబుతాను.


ఖోఖో_అక్క | గురువారం, రాత్రి 9:05

సార్, ఆ తప్పును మీ తర్వాతి వీడియోలో దిద్దకండి. అట్లే ఉంచి, ఇందులో ఒక తప్పుంది పట్టుకురండి అనండి. మా పిల్లలైతే చదువు కోసం చూడరు గానీ సార్ తప్పు దొరుకుతుందంటే పదిసార్లు చూస్తారు.


సున్నపుగీత | ఆరు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 4:10

మాట ఇచ్చాను కాబట్టి వచ్చాను. కొంచెం పొడుగవుతుంది.

22 నిమిషాల వీడియోలు తీసేశాను. 6 నిమిషాలది ఒకటి, దాంట్లోనే అక్క చెప్పినట్టు తప్పు అలాగే వదిలేశాను. ఫోన్ లేనివాళ్లకు అదే విషయం అరపేజీ తెలుగులో రాసి ఇచ్చాను. తమాషా ఏంటంటే ఫోన్లున్నవాళ్లు కూడా ఆ కాగితమే జెరాక్సు తీయించుకున్నారు.

గ్రౌండ్ గేటు దగ్గర ఒక్కొక్కరికి చిన్న చీటీ ఇస్తాను. లేన్ వెడల్పు ఒక్కో చీటీలో ఒక్కోలా ఉంటుంది, కెర్బ్ ఉందో లేదో కూడా ఉంటుంది. సెకండ్ లేన్ స్టాగర్ కట్టి లోపలికి రావాలి. మొదటి రోజు గేటు దగ్గర పెద్ద రభస. ఒకడి చీటీలో 1.10 లేన్, కెర్బ్ ఉంది. పక్కవాడి చీటీలో 1.00 లేన్, కెర్బ్ లేదు. ఇద్దరికీ 6.28 వచ్చింది. "సార్, వీడు నాది కాపీ కొట్టాడు" అని ఒకడు, వీడే కొట్టాడని ఇంకొకడు. నేను నోరు మెదపలేదు. ఐదు నిమిషాలు కొట్టుకున్నాక ఒకమ్మాయి కర్రతో నేల మీద రెండు అర్ధవృత్తాలు గీసి, పరుగెత్తే గీతల మధ్య దూరం రెండింట్లోనూ సరిగ్గా మీటరే అని చూపించింది. ఆ తర్వాత ఆమే అడిగింది, "సార్, అయితే రేడియస్ ఎంతున్నా స్టాగర్ మారదా? 400 ట్రాక్‌కైనా, మన ట్రాక్‌కైనా ఒక రౌండ్‌కు ఒకటేనా?" ఒకటే. నేను పదకొండేళ్లలో బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పి ఉంటాను ఈ మాట! అడిగినవాళ్లు లేరు.

వీడియోలో తప్పు మాత్రం ఆమె కాదు, వెనక బెంచీ అబ్బాయి పట్టాడు. వాడు కాగితం చదవలేదు, వీడియో సగమే చూశాడట. గ్రౌండ్‌కు వచ్చి "కెర్బ్ అంటే ఏది సార్, చూపించండి" అన్నాడు. చూపించడానికి లేదు.

చూడకుండా వచ్చినవాళ్లను వెనక్కి పంపడం మానేశాను. వేపచెట్టు కింద నా పాత ఫోన్ పెట్టాను. అక్కడ చూసి, చీటీ కట్టి, పనిలోకి రావాలి. మొదటి వారం చెట్టు కింద పాతిక మంది. ఇప్పుడు ఐదారుగురు. వాళ్లలో ఇద్దరు రోజూ వాళ్లే, తెల్లవారుజామున పాలు పోసి వచ్చేవాళ్లు. వాళ్లకు ఆ చెట్టే క్లాసు, ఏం తప్పుంది?

రెండో గంట ఖోఖో అక్క చెప్పిన పని. పది మంది ట్రైనీలు టీచర్లు, 50 మంది పిల్లలు, 8 నిమిషాల క్లాసు. ఒకరు ఫోన్‌తో తీస్తారు, ఇంకొకరు వాచీ పట్టుకుంటారు. టీచర్ మాట్లాడిన సమయం, పిల్లలు కదిలిన సమయం, రెండు అంకెలే. ఆ వీడియో రాత్రికి ఆ ట్రైనీకే పంపుతాం, గ్రూపులో పెట్టం. ఇదొక్కటి మాత్రం అందరూ చూస్తున్నారు, ఎవరి మొహం వాళ్లు చూసుకోవడం కదా. "సార్, నేను ఇన్నిసార్లు ఓకే ఓకే అంటానా" అని ఒకడు దిగాలు పడ్డాడు.

కుదరనివీ ఉన్నాయి. 6 నిమిషాల వీడియోకు నాకు మూడు గంటలు పడుతోంది. ప్రిన్సిపల్ గారు రౌండ్‌కు వచ్చి ఖాళీ గది చూసి "థియరీ క్లాసు ఎక్కడయ్యా" అని అడిగారు. గ్రౌండ్‌లో జరుగుతోంది సార్ అంటే, రిజిస్టర్‌లో ఏమని రాయాలన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. టీచర్ ట్రైనింగ్ కాలేజీలను చూసే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం కాలేజీ వారానికి 36 గంటలు నడవాలి. ఇంట్లో చూసిన వీడియో ఆ 36లోకి రాదు, పైన అదనం. తమ్ముడు మొదట్లో అన్నది అదే, వాళ్ల అలసట మీద నేను ఇంకో అరగంట వేస్తున్నాను. అందుకే వారానికి రెండు వీడియోలకు మించి పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను.

నందనం గారూ, మీ మాట ప్రకారం హ్యాండ్‌బాల్, ఖోఖో ఎత్తులు ఇంటికి పంపలేదు. ఒక కొలీగ్ బాస్కెట్‌బాల్‌కు పంపి చూశారు. మొదటి పాసు నుంచే అందరూ వీడియోలో ఉన్న చోటికే పరుగెత్తారట, డిఫెండర్లతో సహా.

చివరగా అసలు ట్రాక్. గుడ్డ టేపుతోనే వేశారు. స్ట్రెయిట్ 40, రేడియస్ 18.90, లేన్ 1.00, స్టాగర్లు 6.28 చొప్పున. లెక్కలో ఒక్క తప్పు లేదు. పక్క స్కూల్ నుంచి స్టీల్ టేపు తెచ్చి మొదటి లేన్ కొలిస్తే 200.60 వచ్చింది. 60 సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో పిల్లలు ఇంకా తవ్వుతున్నారు.


నాలుగో_సెమిస్టర్ | ఆదివారం, సాయంత్రం 5:00

సార్, ఆ చీటీలు ఫొటో తీసి పెడతారా? వచ్చే నెల నాకు టీచింగ్ ప్రాక్టీస్. ఒకటే ఫోన్ ఉన్న ఊరికి వెళ్తున్నాను, కాగితం పద్ధతి కావాలి.


పాత_విజిల్ | ఆదివారం, సాయంత్రం 6:40

గుడ్డ టేపు లాగితే సాగుతుంది బాబూ. పాతదైతే మరీ. టేపులో 40 అని కనబడుతుంది, నేల మీద 40 దాటి ఉంటుంది. ఇంకోటి, నాలుగు మూలల మధ్య కర్ణాలు కొలిచారా? 40కి 37.80 దీర్ఘచతురస్రం, రెండు కర్ణాలూ 55.03 రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే మూల మట్టం తప్పింది. రెండూ సమానంగా ఎక్కువ వస్తే టేపే దొంగ.

పిల్లలకు ఇది చెప్పకు. వచ్చే ఆదివారం పొద్దున 6కు నేనే వస్తాను, మా ఇంట్లో 50 మీటర్ల స్టీల్ టేపు ఉంది. తుప్పు పట్టకుండా కిరోసిన్ గుడ్డతో తుడిచి పెట్టుకున్నాను. వాళ్లను పాత సున్నం చెరపొద్దని చెప్పు.

ఆ 6 నిమిషాల వీడియో లింకు కూడా పంపు. గేటు దగ్గర నాకూ చీటీ ఇస్తావు కదా.